ఆకుల రంగులు – తొలి చలి: అమెరికా ఈశాన్య అరణ్యాలలో శరత్కాల వాతావరణ ప్రభావం

వ్యాససంగ్రహం:

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో ఏటా సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు చివరిదాకా అడవులు పసుపు, నారింజ, ఎరుపు రంగులకు మారుతాయి. రాత్రి చలికి తుషారం పేరుకోవటంవల్లనే ఆకులకు ఆ రంగు వస్తుందని అక్కడి జనంలో చిరకాలంగా ఒక నమ్మకం ఉంది. వాస్తవం దీనికి దాదాపు విరుద్ధం. చల్లదనం రంగుకు తోడ్పడుతుంది. గడ్డకట్టే చలి రంగును చంపుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది డిగ్రీల వ్యత్యాసం చెట్టు జీవితంలో ఎంత ముఖ్యమో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పత్రహరితం, ఆంథోసయనిన్, పగటి నిడివి, తుషారం, నత్రజని, న్యూ ఇంగ్లండు, మేపుల్.

1. ఉపోద్ఘాతం:

అమెరికాలో 'ఫాల్' అని వ్యవహరించే రుతువును తెలుగులో శరత్తు అని అనువదించటం పరిపాటి. మాసాల లెక్కకు ఇది సరిపోతుంది. ఆశ్వయుజ, కార్తీకాలు దాదాపు ఆ కాలంలోనే వస్తాయి. లక్షణంలో మాత్రం పొంతన కుదరదు. మన శరత్తు వెన్నెలకు, తేటపడిన నీటికి, రెల్లుపూలకు పేరు. ఆకు రాలటం మనకు శిశిర లక్షణం, అంటే మాఘ ఫాల్గుణాల సంగతి. కనుక 'ఫాల్'ను శరత్తు అన్నా, శిశిరం అన్నా సగం అర్థమే చేరుతుంది.

ఇది కేవలం అనువాద సమస్య కాదు. రెండు ప్రాంతాల చెట్లు ఆకు రాల్చటానికి కారణాలే వేరు. నల్లమలలోని టేకు, మోదుగ వంటి చెట్లు నేలలో తేమ తగ్గేకొద్దీ, నీటిని కాపాడుకోవటానికి ఆకు విడుస్తాయి. మెసాచుసెట్స్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్, కనెటికట్, రోడ్ ఐలండ్ అనే ఆరు రాష్ట్రాలు కలిసిన న్యూ ఇంగ్లండు ప్రాంతంలో మేపుల్, బర్చ్ వంటి చెట్లు ఆకు విడిచేది రాబోయే చలికాలాన్ని తట్టుకోవటానికి. నేల గడ్డకట్టిన తరువాత వేళ్ళు నీటిని తోడలేవు. వెడల్పాటి పలుచని ఆకు అప్పుడు చెట్టుకు బరువే తప్ప ఆదాయం కాదు.

2. పగటి నిడివి అనే పంచాంగం:

చలికాలం రాకను చెట్టు ఎలా పసిగడుతుంది? ఉష్ణోగ్రతను మాత్రమే నమ్ముకుంటే మోసపోవచ్చు. అక్టోబరులో వారంపాటు ఎండలు కాయవచ్చు, సెప్టెంబరులోనే ఒక రాత్రి మంచు పేరుకోవచ్చు. ఏ సంవత్సరమైనా మారనిది పగటి నిడివి ఒక్కటే. ఆకులలో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ద్వారా చెట్టు రాత్రుల పొడవును కొలుస్తుంది.

హైదరాబాదులో సంవత్సరంలోకెల్లా పెద్ద పగలు 13 గంటలకు కొంచెం ఎక్కువ, చిన్న పగలు సుమారు 11 గంటలు. బోస్టన్‌లో పెద్ద పగలు 15 గంటల పైచిలుకు, చిన్న పగలు సుమారు 9 గంటలు. మన దగ్గర రెండు గంటలుగా ఉన్న తేడా అక్కడ ఆరు గంటలు. అక్కడి చెట్టుకు పగటి నిడివి నమ్మదగిన సంకేతం కావటం, మన చెట్టుకు నేల తేమ ప్రధానం కావటం ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

రంగు మారే కాలాన్ని స్థూలంగా నిర్ణయించేది పగటి నిడివి. అందుకే ఉత్తర వెర్మాంట్ కొండలలో సెప్టెంబరు చివర మొదలయ్యే రంగులు కనెటికట్ సముద్రతీరానికి అక్టోబరు చివరికిగాని చేరవు అన్న వరుస ఏటా పెద్దగా మారదు. వాతావరణం ఆ కాలాన్ని కొద్దిరోజులు ముందుకో వెనక్కో జరుపుతుంది. కాని రంగు ఎంత గాఢంగా ఉంటుంది, ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నవి పూర్తిగా వాతావరణం చేతిలోని విషయాలు.

3. దాగిన పసుపు, కొత్తగా పుట్టే ఎరుపు:

పసుపు, ఎరుపు ఒకే విధంగా ఏర్పడవు. వాతావరణ ప్రభావాన్ని అర్థం చేసుకోవటానికి ఈ భేదమే మూలం.

వేసవి అంతా ఆకులో పత్రహరితం నిరంతరం శిథిలమవుతూ, నిరంతరం తయారవుతూ ఉంటుంది. పగలు తగ్గేకొద్దీ తయారీ ఆగిపోతుంది, శిథిలం కావటం కొనసాగుతుంది. పచ్చదనం తొలగగానే అంతకుముందే ఆకులో ఉన్న కెరోటినాయిడ్లు బయటపడతాయి. బర్చ్, ఆస్పెన్ చెట్ల పసుపు ఇదే. ఇది కొత్తగా వచ్చిన రంగు కాదు కనుక వాతావరణం ఎలా ఉన్నా పసుపు ఏటా దాదాపు ఒకేలా కనిపిస్తుంది.

ఎరుపు సంగతి వేరు. షుగర్ మేపుల్, రెడ్ మేపుల్, సుమాక్ ఆకులలోని ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లు చాలావరకు శరత్తులోనే కొత్తగా తయారవుతాయి. రాలిపోబోయే ఆకు తన చివరి రోజులలో చక్కెరను వెచ్చించి రంగును తయారుచేస్తుంది. సంవత్సరానికీ సంవత్సరానికీ తేడా వచ్చేది ముఖ్యంగా ఈ ఎరుపులోనే. ఈ వర్ణకం తెలుగువారికి కొత్తది కాదు. మామిడి లేతచిగుళ్ళ రాగి ఎరుపు ఆంథోసయనిన్లదే. మన వీధులలోని నాటుబాదం చెట్టు ఆకు రాల్చేముందు ఎర్రబడటం కూడా అందరూ చూసినదే. ఒకే వర్ణకం ఒక చెట్టులో ఆకు పుట్టుక దగ్గర, మరొక చెట్టులో ఆకు మరణం దగ్గర కనిపించటం గమనించదగినది.

4. ఎండ పగలు, చల్లని రాత్రి:

ఆంథోసయనిన్ తయారీకి రెండు కావాలి: ఆకులో చక్కెర, ఆకుపై వెలుగు. నిర్మలమైన ఎండ పగళ్ళలో కిరణజన్య సంయోగక్రియ సాగి చక్కెర తయారవుతుంది. ఈలోగా ఆకుకాడ కొమ్మకు అతుక్కొన్న చోట ఒక పలుచని కణాల పొర ఏర్పడుతూ ఉంటుంది. ఆకు చివరకు తెగేది ఈ పొర దగ్గరే. ఈ పొర పెరిగేకొద్దీ ఆకునుంచి కొమ్మకు పోయే దారి ఇరుకవుతుంది. రాత్రి చల్లగా ఉంటే చక్కెర రవాణా మరింత మందగిస్తుంది. శ్వాసక్రియలో ఖర్చయ్యేదీ తగ్గుతుంది. ఆకులోనే మిగిలిన చక్కెర ఎరుపుకు ముడిసరుకవుతుంది.

ఈ చలికి ఒక హద్దు ఉంది. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పైన, ఏడెనిమిది డిగ్రీల సెల్సియస్‌కు లోపల ఉండటం అనుకూలం. రాత్రులు వెచ్చగా ఉంటే చక్కెర ఖర్చయిపోతుంది, ఎరుపు వెలవెలబోతుంది. మబ్బు పట్టిన పగళ్ళలో చక్కెర తయారే తక్కువ. ఒకే మేపుల్ చెట్టులో ఎండ తగిలే పైకొమ్మలు ఎర్రగా, నీడలోని లోపలి కొమ్మలు పసుపుగా ఉండటం ఇందుకు కంటికి కనిపించే నిదర్శనం.

వాన విషయంలో సూత్రం అంత తేలిక కాదు. వసంతంలో తడి ఎక్కువైతే మేపుల్ ఆకులకు శిలీంధ్రపు మచ్చతెగులు సోకి, రంగు పట్టకముందే ఆకులు గోధుమరంగుకు తిరిగి రాలవచ్చు. వేసవిలో తీవ్రమైన కరవు వచ్చినా ఆకు ముందుగానే రాలుతుంది. మంచి రంగుకు తగిన తేమతో గడిచిన వేసవి, పొడిగా సాగే శరత్తు కావాలి. అన్నీ కుదిరిన ఏడు కూడా ఒక్క గాలివాన రెండు గంటలలో కొమ్మలను ఖాళీ చేయగలదు.

5. చెట్టు వెనక్కి తీసుకొనే సంపద:

రాలబోయే ఆకు కోసం చెట్టు చక్కెరను ఎందుకు వెచ్చిస్తుంది? దీనికి రెండు ప్రధాన సమాధానాలున్నాయి. పరిణామ జీవశాస్త్రవేత్త డబ్ల్యు. డి. హామిల్టన్, శామ్ బ్రౌన్ 2001లో వెలువరించిన ప్రతిపాదన ప్రకారం ఆ గాఢమైన రంగు కీటకాలకు చెట్టు చేసే హెచ్చరిక. ఇక్కడ గుడ్లు పెడితే గట్టి ప్రతిఘటన ఎదురవుతుందని చాటే ప్రకటన అది. హామిల్టన్ అంతకు ముందు ఏడే మరణించాడు. రెండవ సమాధానం విస్కాన్సిన్‌లో విలియం హోక్, ఆయన సహచరులు ప్రయోగాలతో బలపరచినది. పత్రహరితం విచ్ఛిన్నమవుతున్న దశలో ఆకు వెలుగును తట్టుకోలేదు; చలిలో ఈ బలహీనత మరింత పెరుగుతుంది. ఆంథోసయనిన్లు అప్పుడు ఎండకు గొడుగులా పనిచేస్తాయి.

గొడుగు కింద జరిగే పని ఏమిటంటే నత్రజనిని వెనక్కి తీసుకోవటం. ఆకులోని మాంసకృత్తులు విడిపోయి, వాటిలోని నత్రజని కొమ్మలకు, బెరడుకు చేరుతుంది. ఆకులో ఉన్న నత్రజనిలో ఇంచుమించు సగాన్ని, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువను చెట్టు ఇలా దక్కించుకొంటుంది. వచ్చే వసంతంలో తొలి చిగుళ్ళకు పెట్టుబడి ఇదే. న్యూ ఇంగ్లండు కొండనేలలు చాలాచోట్ల పలుచనివి, సారం తక్కువవి. అక్కడి చెట్టుకు ఈ సొమ్ము చిన్నది కాదు. ఈ రెండు ప్రతిపాదనలూ పరస్పరం పొసగనివి కావు. అయితే వాతావరణంతో రంగుకున్న సంబంధాన్ని రెండవది మెరుగుగా వివరిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎండ, చలి కలిసిన రోజులలోనే గొడుగు అవసరం ఎక్కువ. ఎరుపు గాఢమయ్యేదీ ఆ రోజులలోనే.

6. తుషారం చేసే నష్టం:

ఇప్పుడు తుషారం గురించిన నమ్మకాన్ని పరిశీలించవచ్చు. ఉష్ణోగ్రత సుమారు −2 డిగ్రీలకు దిగి కొన్ని గంటలు నిలిస్తే ఆకు కణాల మధ్యనున్న నీరు గడ్డకడుతుంది. ఆ మంచు కణాలలోని నీటిని బయటకు లాగుతుంది, పొరలు చిట్లుతాయి. జీవరసాయన ప్రక్రియలు అంతటితో ఆగిపోతాయి. కొత్త ఎరుపు తయారు కాదు, నత్రజని బదిలీ సగంలో నిలిచిపోతుంది. ఆకు గోధుమరంగుకు మారి వడలిపోతుంది. కొన్ని సందర్భాలలో తెగుపొర పూర్తికాకముందే చచ్చిన ఆకులు చలికాలమంతా కొమ్మలనే పట్టుకొని వేలాడతాయి.

మరి నమ్మకం ఎలా పుట్టింది? రంగు తెచ్చే వాతావరణం, తుషారం తెచ్చే వాతావరణం ఒకటే కావటంవల్ల. కెనడానుంచి దిగివచ్చే పొడిగాలి, అధికపీడనం ఆకాశాన్ని తేటపరుస్తాయి. పగలు ఎండ కాస్తుంది. రాత్రి మబ్బు దుప్పటి లేనందున నేల తన వేడిని ఆకాశానికి వదులుతుంది. గాలి నిలిచిపోతే చల్లబడ్డ బరువైన గాలి వాలులమీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే తొలి తుషారం కొండవాలును వదిలి లోయను పట్టుకుంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో పుష్యమాసపు రాత్రులు సున్నా దరిదాపులకు దిగటంలోనూ తేట ఆకాశం, నిలిచిన గాలి ఇదే పాత్ర వహిస్తాయి. ఉదయం గడ్డిమీద తెల్లని తుషారాన్ని, చెట్టుమీద ఎర్రని ఆకును ఒకేసారి చూసినవారు మొదటిది రెండవదానికి కారణమనుకోవటం సహజం.

7. ఆకులుండగానే వచ్చే మంచు:

ముందుగా వచ్చే చలి మనుషులకూ నష్టం తెస్తుంది. 2006 అక్టోబరు 12, 13 తేదీలలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో 22.6 అంగుళాల మంచు కురిసింది. చెట్లు అప్పటికి ఆకులతోనే ఉన్నాయి. 2011 అక్టోబరు 29, 30 తేదీలలో ఈశాన్య తీరాన్ని మరొక మంచు తుఫాను ముంచింది. మెసాచుసెట్స్‌లోని పెరూ అనే ఊరిలో 32 అంగుళాల మంచు పడింది. ఆలస్యంగా ఆకు రాల్చే ఓక్ చెట్లపై తడిమంచు పేరుకొని కొమ్మలు విరిగి విద్యుత్ తీగలపై పడ్డాయి. ముప్పై లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. కనెటికట్‌లో కొన్ని ఇళ్ళు వారానికి పైగా చీకటిలో, చలిలో ఉన్నాయి. డిసెంబరులో అంతే మంచు పడినా నష్టం ఇందులో కొద్ది భాగమే ఉండేది. మోడుకొమ్మపై మంచు నిలవటానికి చోటు తక్కువ.

కొమ్మ విరగకపోయినా ప్రమాదం తప్పదు. చెట్టు చలికి ఒక్కరోజులో సిద్ధం కాలేదు. పగళ్ళు తగ్గటం మొదటి మెట్టు, వారాలపాటు క్రమంగా పెరిగే చలి రెండవ మెట్టు. ఈ రెండూ దాటిన షుగర్ మేపుల్ కొమ్మ నడిశీతాకాలంలో −30 డిగ్రీలను సైతం తట్టుకుంటుంది. అదే కొమ్మ అక్టోబరులో అందులో కొద్ది భాగం చలికే దెబ్బతినవచ్చు. 1940 నవంబరు 11న అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాలలో వెచ్చని రోజుల వెంటనే విరుచుకుపడిన చలి, అయోవాలోని ఆపిల్ తోటలను పెద్దయెత్తున చంపింది. ఆ రాష్ట్రపు ఆపిల్ సాగు మునుపటి స్థాయికి మళ్ళీ చేరలేదు.

8. వెచ్చబడుతున్న శరత్తు:

మెసాచుసెట్స్‌లోని పీటర్‌షామ్ వద్ద హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1990ల తొలినాళ్ళనుంచి శరత్తులో గుర్తించిన చెట్లను పదేపదే చూసి, ఎంత శాతం ఆకులు రంగు మారాయో, ఎంత శాతం రాలాయో విడివిడిగా నమోదు చేస్తున్నారు. ఈ రెండు అంకెలను వేరుగా ఉంచటం ముఖ్యం. రంగు ఆలస్యమైనంత మాత్రాన ఆకు ఎక్కువకాలం నిలుస్తుందని చెప్పలేము.

సెప్టెంబరు వెచ్చబడితే రంగు ఆలస్యమవుతుందని సాధారణంగా అంగీకరిస్తారు. దీనికి భిన్నమైన వాదం 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఐరోపా చెట్ల దీర్ఘకాల నమోదులను పరిశీలించిన ఆ బృందం, వసంత గ్రీష్మాలలో చెట్టు ఎక్కువ ఆహారం తయారుచేసుకొంటే ఆకు త్వరగా ముసలిదవుతుందని ప్రతిపాదించింది. దీనిపై చర్చ ఇంకా సాగుతున్నది. వెచ్చని శరత్తు ఎరుపుకు అనుకూలం కాదన్నది మాత్రం పై వివరణనుబట్టే తేలుతుంది. రాత్రులు చల్లబడకపోతే చక్కెర మిగలదు. ఆకులు నవంబరుదాకా పచ్చగా నిలిచిన ఏడు హఠాత్తుగా చలి దిగితే చెట్టు రంగునూ, నత్రజనినీ కలిపి పోగొట్టుకుంటుంది.

న్యూజెర్సీ, బోస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు అక్టోబరులో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండలకు వెళ్ళటం ఇప్పుడు మామూలైంది. తేదీని ఏడాది ముందే ఖాయం చేసుకోవటంకన్నా, బయలుదేరే ముందు వారపు రాత్రి ఉష్ణోగ్రతలను చూడటం మేలు. పొడి పగళ్ళు, మూడునుంచి ఏడు డిగ్రీల రాత్రులు వరుసగా నాలుగైదు వస్తే ఎరుపు గాఢమవుతుంది. లోయలకు గడ్డకట్టే చలి హెచ్చరిక వెలువడితే కొండవాలు దారిని ఎంచుకోవాలి. గాలివాన సూచన ఉంటే దానికి ముందురోజే చేరుకోవాలి.