దొరికింది, కానీ తెరుచుకోలేదు

మా మేనల్లుడు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం పైథాన్‌లో హాజరు పట్టీ ప్రోగ్రాం ఒకటి రాశాడు. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా నడిచింది. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు కంప్యూటర్ మీద నడిపితే విండో రాకుండానే ఆగిపోయింది. టెర్మినల్ నిండా ఎర్రర్. ఎక్స్‌సీబీ అనే ప్లాట్‌ఫాం ప్లగిన్ దొరికింది కానీ లోడ్ చేయలేకపోయామని ఒక వరుస. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగుపడవచ్చని దాని కింద ఇంకో వరుస. వాడు ఈ రెండో మాట పట్టుకుని మూడుసార్లు తీసేసి మూడుసార్లు వేశాడు. రాత్రి పది దాటాక ఫోన్ చేసి, "ఫైలు ఫోల్డర్‌లోనే ఉంది మావయ్యా, దొరకలేదంటుందేంటి?" అన్నాడు.

దొరకలేదని అది అనలేదు. దొరికిందనే చెప్పింది.

ఆ తేడా అర్థం కావాలంటే ఈ ప్లగిన్ ఎందుకు పుట్టిందో తెలియాలి. 1990 వేసవిలో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో హావర్డ్ నూర్, ఐరిక్ షాంబె-ఎంగ్ అనే ఇద్దరు కుర్రాళ్లు అల్ట్రాసౌండ్ చిత్రాలను దాచే డేటాబేస్ ప్రోగ్రాం రాస్తున్నారు. అది యూనిక్స్, మాక్, విండోస్ మూడింటి మీదా నడవాలి. ఒకే విండోను మూడు చోట్ల మూడు రకాలుగా గీయాల్సిన ఆ తిప్పల్లోంచే క్యూట్ లైబ్రరీ ఆలోచన వచ్చింది. 1994లో కంపెనీ పెట్టారు, 1995 మేలో మొదటి విడుదల. పేరులో క్యూ అక్షరం ఎందుకంటే, హావర్డ్ వాడే ఎడిటర్ ఫాంట్‌లో అది అందంగా కనిపించిందట. ఆ లైబ్రరీని పైథాన్‌తో వాడుకునేలా ఫిల్ థాంప్సన్ పైక్యూట్ తయారుచేశాడు. అదే పని చేసే పైసైడ్ ఆ తర్వాత వచ్చింది. మా వాడు వాడింది దాన్నే.

ఒకే కోడ్ అన్ని చోట్లా నడవాలంటే, ఆయా కంప్యూటర్ల తెరతో వాటి భాషలో మాట్లాడేవాళ్లు ఎక్కడో ఒకరుండాలి. చాలా ఏళ్లు ఆ పని లైబ్రరీ కడుపులోనే జరిగింది. విండోస్‌కు ఒక క్యూట్, లినక్స్‌కు ఇంకో క్యూట్. 2012 డిసెంబరులో వచ్చిన ఐదో వెర్షన్ ఆ దుబాసీని బయటికి తీసి విడి ఫైలుగా పెట్టింది. అదే ప్లాట్‌ఫాం ప్లగిన్. విండోస్‌కు ఒకటి, మాక్‌కు ఒకటి, లినక్స్‌లో ఎక్స్‌సీబీ ఒకటి, వేలాండ్ మరొకటి. తెరే లేని సర్వర్ల కోసం ఆఫ్‌స్క్రీన్ అని ఇంకొకటి. కొత్త రకం తెర వస్తే మూల లైబ్రరీని కదిలించకుండా కొత్త ప్లగిన్ రాస్తే చాలు. నా దృష్టిలో ఇది చాలా మంచి నిర్ణయం, మా వాడిలాంటి ఎందరికో రాత్రి నిద్ర లేకుండా చేసినా సరే.

ప్రోగ్రాం మొదలవగానే క్యూట్ ప్లాట్‌ఫామ్స్ అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది. ప్లగిన్ ఫైల్‌లోని కోడ్‌ను నడపకుండా, అందులో రాసి ఉన్న పేరు, వెర్షన్ వివరాలు మాత్రం చదువుతుంది. 'దొరికింది' అంటే ఇంతే. తర్వాత ఆ ఫైలు తెరవమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. ఈ ప్లగిన్ ఆధారపడే లైబ్రరీలు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కటి లేకపోయినా సిస్టమ్ మొత్తం ఫైల్‌నే తెరవనంటుంది. పురోహితుడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, మనం తెచ్చిన సామానులో దర్భలు లేవు, పూజ మొదలవలేదు. ఇంకో పురోహితుణ్ణి పిలిస్తే దర్భలు రావు కదా! పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. అది పైసైడ్‌ను, ప్లగిన్‌ను తెస్తుంది. ఉబుంటు నుంచి రావాల్సిన లైబ్రరీని తేదు.

ఇదే ఎర్రర్ వేరే దారిలోనూ వస్తుంది. లినక్స్‌లో పైక్యూట్5తో పాటు కెమెరా బొమ్మల కోసం ఓపెన్‌సీవీ వేసుకునేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఓపెన్‌సీవీ ప్యాకేజీ తన క్యూట్‌ను తనే వెంట తెచ్చుకుంటుంది. ఇంపోర్ట్ చేయగానే ప్లగిన్ల దారిని తన ఫోల్డర్ వైపు తిప్పేస్తుంది. ఒకే ప్రోగ్రాంలో రెండు క్యూట్‌లు, ఒకదాని ప్లగిన్ ఇంకొకదానికి కుదరదు. అలాంటప్పుడు ఆ ఓపెన్‌సీవీని తీసేసి, విండోలు లేని హెడ్‌లెస్ రకాన్ని వేసుకుంటే గొడవ తీరుతుంది. పైఇన్‌స్టాలర్‌తో ప్రోగ్రాంను మూటగట్టి ఇచ్చేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. కోడ్‌లో ఇంపోర్ట్ అయినవాటిని అది వెతికి కట్టుకుంటుంది. ప్లగిన్‌ను మాత్రం ఎవరూ ఇంపోర్ట్ చేయరు, నడిచే వేళకు క్యూటే తెరుచుకుంటుంది. అందుకే ఆ ఫోల్డర్ కోసం పైఇన్‌స్టాలర్‌లో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. అది పాతబడితే ప్లాట్‌ఫామ్స్ ఫోల్డర్ మూటలోకి రాకుండా పోవచ్చు.

మా వాడితో ఫోన్‌లోనే ఆ ప్లగిన్ ఫైలు మీద ఎల్‌డీడీ కమాండ్ నడిపించాను. ఒక్కో లైబ్రరీ పేరు, దాని ఎదురుగా అది ఉన్న చోటు, వరుసగా వచ్చాయి. వాడు పైకి చదువుతున్నాడు. సగం దాటాక ఆగాడు. ఒక పేరు ఎదురుగా చోటు లేదు, 'నాట్ ఫౌండ్' అని ఉంది. ఎక్స్‌సీబీ కర్సర్ లైబ్రరీ. మౌస్ బాణం బొమ్మను చూసుకునే చిన్న ముక్క, క్యూట్ 6.5 నుంచి తప్పనిసరైంది. ఉబుంటు ఆప్ట్ కమాండ్‌తో దాన్ని వేయించాను. హాజరు పట్టీ తెర మీదకు వచ్చింది.

కాసేపు అవతల మాట లేదు. తర్వాత అన్నాడు, "మావయ్యా, పాత ఎర్రర్ పైకి జరిపి చూశాను. ఈ లైబ్రరీ కావాలని మొదటి వరుసలోనే రాసింది."