మన వీధి - నీటిరంగుల్లో



పిల్లల డ్రాయింగు పుస్తకం తెరిస్తే ఏముంటుంది? రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఓ కొబ్బరిచెట్టు. పట్నంలో మన కిటికీలోంచి చూస్తే అవేవీ కనబడవు. కనబడేది మన వీధి. "వీధిలో బొమ్మ వెయ్యడానికి ఏముందమ్మా?" అంటారు పిల్లలు. ఏముందో చూపిన చిత్రకారుడొకరి గురించి ఇవాళ చెప్పుకుందాం.

ఆయన గగనేంద్రనాథ ఠాగూరు (1867-1938). రవీంద్రునికి అన్న కొడుకు వరస, చిత్రకారుడు అవనీంద్రనాథునికి స్వయానా అన్నగారు. కలకత్తాలో జొరసాంకో వారి నివాసం. 1903లో తైకాన్, షున్‌సో అనే జపాను చిత్రకారులు కలకత్తా వచ్చారు. తడి కాగితం మీద రంగును పొగమంచులా పరిచే వారి పద్ధతి ఠాగూరు సోదరులను ఆకట్టుకుంది.

నీటిరంగు వెయ్యడం తెల్లచీరకు నీలిమందు పెట్టడం లాంటిది. పాలు ఎక్కువైతే దిద్దుకోవడం కష్టం. తెలుపు కావలసిన చోట రంగు పూయకుండా కాగితాన్నే వదిలేస్తారు. బొమ్మలో ఎండైనా, దీపమైనా అలా వదిలిన జాగాయే!

గగనేంద్రుని 'ప్రతిమా విసర్జన్' చిత్రంలో దుర్గమ్మను నిమజ్జనానికి తీసుకువెళుతుంటారు. రాత్రి వేళ, వీధినిండా జనం, చీకట్లో దీపాల వెలుగు. పండుగ అనాదిగా వస్తున్నదే, వీధి మాత్రం నాటి మహానగరానిది. తరువాత ఆయన చూపు క్యూబిజం వైపు మళ్ళింది. మేడలూ, మెట్లూ, కిటికీలూ పగిలిన అద్దం ముక్కల్లా కోణాలు కోణాలుగా విడిపోయాయి. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీ బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగినప్పుడు ఆయన చిత్రాలూ అక్కడ ఉన్నాయి.

మరి సంప్రదాయాన్ని వదిలేసినట్టా? కాదనే నా అభిప్రాయం. ఆ నీటిరంగులే, వెలుగునీడల మీద ఆ మక్కువే. పెంకుటిల్లు వేస్తే సంప్రదాయం, మేడ వేస్తే ఆధునికం అని మనం లెక్క కడతాం. ఆయనకు రెండూ ఒకే ఊరు.

మన వీధులూ అంతే కదా! అరుగుల ఇంటి పక్కనే అపార్టుమెంటు, దాని గేటు ముందు ముగ్గు. ఈ సెలవుల్లో పిల్లలకు ఓ రంగుల పెట్టె, దళసరి కాగితం ఇచ్చి బాల్కనీలో కూర్చోబెట్టండి. కనిపించింది కనిపించినట్టే వెయ్యనివ్వండి. ఆ బొమ్మకు ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి అంటకుండా చూడండి. ఎండా, చెమ్మా తగలని గోడకు తగిలించండి. రేపు ఆ అరుగుల ఇల్లు పడగొడితే, అది మిగిలేది ఆ కాగితం మీదే.