అమ్మకి కనిపించని ఫోటోలు: నెక్స్ట్‌క్లౌడ్‌లో ప్రివ్యూలు ముందే ఎందుకు చేసి పెట్టాలి?

సొంత క్లౌడ్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి తగిలే దెబ్బ ఒకటుంది. నాకూ తగిలింది. ఈ రోజు దాని గురించే.

అమ్మ ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్. నెలనెలా డబ్బులు కట్టడం ఎందుకని, పదేళ్ల ఫోటోలు, దాదాపు 40 వేలు, ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 మీద నడిచే నా నెక్స్ట్‌క్లౌడ్‌లోకి ఎక్కించా. అమ్మ యాప్ తెరిచి తాతయ్య ఫోటో కోసం కిందికి స్క్రోల్ చేసింది. అన్నీ బూడిద రంగు డబ్బాలే! "ఏరా, మీ తాతయ్య ఫోటోలన్నీ పోగొట్టావా?" అంది. నిజానికి ఒక్కటి కూడా పోలేదు. కానీ నా సర్వర్ మీద నమ్మకం మాత్రం పోయింది.

అసలేం జరిగిందంటే, 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 బై 3000. దాన్నుంచి చిన్న బొమ్మ చేయాలంటే సర్వర్ ముందు ఫోటో మొత్తాన్ని మెమరీలో విప్పాలి. కోటీ 20 లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 36 ఎంబీ. ఫోన్ ఒకేసారి ముప్పై ఫోటోలు అడిగితే పైలో ఉన్న 4 కోర్లు చేతులెత్తేస్తాయి.

నెక్స్ట్‌క్లౌడ్ మామూలుగా ఎవరైనా చూసినప్పుడే ప్రివ్యూ చేస్తుంది. పెళ్లిలో జనం బంతిలో కూర్చున్నాక కూరగాయలు తరగడం మొదలెట్టినట్టన్నమాట. ఒకసారి చేశాక దాచుకుంటుంది కాబట్టి, మొదటిసారి చూసేవాళ్లకే ఈ తిప్పలు.

దీనికి మందు 'ప్రివ్యూ జనరేటర్' అనే యాప్. ఇందులో రెండు కమాండ్లు ముఖ్యం. 'జనరేట్-ఆల్' ఉన్న ఫైళ్లన్నిటికీ ప్రివ్యూలు చేస్తుంది, ఇది మొదట్లో ఒక్కసారి చాలు. 'ప్రీ-జనరేట్' కొత్తగా వచ్చినవాటికి మాత్రమే చేస్తుంది, దీన్ని క్రాన్‌లో పది నిమిషాలకోసారి పెట్టండి. రెండూ వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదే నడపాలి, రూట్‌గా కాదు. లేకపోతే పర్మిషన్ గొడవలొస్తాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు వినండి. రాత్రి ఏ సెట్టింగూ చూడకుండా 'జనరేట్-ఆల్' కొట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి డిస్క్ ఫుల్. అక్క ఫోన్ నుంచి పాప ఫోటోలు అప్‌లోడ్ అవ్వట్లేదు. ఉన్నవి చూపించబోయి కొత్తవి రాకుండా చేశా!

కారణం సింపుల్. ప్రివ్యూ గరిష్ఠ సైజు డిఫాల్ట్‌గా 4096. మన ఫోటో వెడల్పే 4000. అంటే ప్రివ్యూ పేరుతో దాదాపు ఇంకో ఫుల్ ఫోటో తయారవుతోంది, పైగా చిన్న సైజులు వేరే. కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రివ్యూ మ్యాక్స్ ఎక్స్, వై రెండూ 2048 చేశా. వెడల్పు, ఎత్తు సగమైతే పిక్సెళ్లు నాలుగో వంతే కదా. పాత ప్రివ్యూలు తీసేసి, మళ్లీ నడిపా. ఈసారి డిస్క్‌లో చోటు మిగిలింది.

ఇంకో రెండు మాటలు. ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫోటోలకి, వీడియోలకి ప్రివ్యూ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. వీడియోలకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా ఉండాలి. ప్రొవైడర్ల లిస్ట్ మీరే రాస్తే అందులో జేపెగ్, పీఎన్‌జీ కూడా మర్చిపోకుండా రాయండి, ఎందుకంటే మీ లిస్ట్ వచ్చాక డిఫాల్ట్ లిస్ట్ పనిచేయదు. రెండోది, ప్రివ్యూ ఫోల్డర్‌కి బ్యాకప్ అక్కర్లేదు, పోతే మళ్లీ చేసుకోవచ్చు. ఒరిజినల్స్‌కి మాత్రం బ్యాకప్ తప్పనిసరి.

రెండు రోజుల తర్వాత ఫోన్ మళ్లీ అమ్మ చేతికిచ్చా. స్క్రోల్ చేస్తూ చేస్తూ ఒకచోట ఆగింది. సైకిల్ పక్కన నిలబడ్డ తాతయ్య. సర్వర్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. నాకు అదే కావాలి.

మీ సర్వర్‌లో ప్రివ్యూలకి ఎంత చోటు పట్టిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.