సింగ్ అంటే వేరుశనగే!

మా తమ్ముడికి వేరుశనగ పడదు. విశాఖలో ఉన్నన్నాళ్ళూ ఎవరు ఇడ్లీ పెట్టినా "చట్నీలో పల్లీలు వేశారా?" అని అమ్మ అడిగేది, వాళ్ళు చెప్పేవారు. అంతటితో సరిపోయేది.

నాన్నగారికి సూరత్ బదిలీ అయింది. మొదటి ఉత్తరాయణ్ నాడు మేడ మీద గాలిపటాలు ఎగరేస్తుంటే పక్కింటి ఆంటీ ఉంధియూ తెచ్చారు. "నట్స్ ఉన్నాయా?" అంది అమ్మ. జీడిపప్పు, బాదం గురించి అనుకుని ఆంటీ లేవన్నారు. ఆవిడ తప్పేం లేదు. వేరుశనగ నిజానికి నట్ కాదు, కంది, శనగల జాతిది. ఇక్కడ దాన్ని సింగ్ అంటారు. ఉంధియూలో వంకాయలకు కూరే మసాలాలో పొడి కొట్టి కలుపుతారు, కంటికి కనపడదు.

కాసేపటికే తమ్ముడి పెదవులు వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు, ఆపైన ఆయాసం. 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే తేరుకున్నాడు.

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంటుంది. కొందరిలో అది వేరుశనగ ప్రోటీన్‌ను శత్రువని పొరబడి, ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్ళీ ఆ ప్రోటీన్ తగలగానే హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. ఊపిరి ఆడకపోతే, రక్తపోటు పడిపోతే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. అప్పుడు దురద మాత్ర చాలదు, ఎడ్రినలిన్ వెంటనే పడాలి. మనిషిని నడిపించకూడదు. పడుకోబెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. (పాలు తాగితే కడుపు ఉబ్బరించడం వేరు. అది చాలామందికి పాలలోని చక్కెర అరగక వచ్చేది.)

రోజూ కాస్త తినిపిస్తే అలవాటవుతుందని ఊళ్ళో ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా అలా చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ప్యాకెట్ల మీద పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, సోయా, గోధుమ, వేరుశనగ ఉంటే తప్పక రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. బండి మీది లోచోకి లేబుల్ ఎక్కడిది? అడగాల్సిందే, అదీ వాళ్ళ భాషలో. క్లాసులో టిఫిన్ పంచుకునేవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్‌తో ఆ ప్రోటీన్ పోదు.

ఇప్పుడు తమ్ముడి బ్యాగులో ఒక కార్డు ఉంటుంది: "మనే సింగ్‌దాణానీ ఎలర్జీ ఛే." నాన్నగారికి మళ్ళీ బదిలీ అంటున్నారు. చెన్నై అయితే వేర్కడలై, కోల్‌కతా అయితే చీనా బాదాం. అమ్మ రెండు కార్డులూ రాసి పెట్టింది.