బ్యాటింగు సగటు: అవుటుకాని ఇన్నింగ్సు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పాఠశాలలలో క్రికెట్టు స్కోరు వ్రాయు విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును: అవుటు కాకుండ మిగిలిన ఆటగాని సగటు ఎట్లు కట్టవలెను? మొత్తము పరుగులను ఇన్నింగ్సులచే గాక, అవుటైన పర్యాయములచే భాగింతురు.

హైదరాబాదుకు చెందిన ఇద్దరి టెస్టు లెక్కలు చూడుడు. అజహరుద్దీన్ (1984-2000) 147 ఇన్నింగ్సులలో 6,215 పరుగులు చేసెను, అవుటుకానివి 9. సగటు 45.0. లక్ష్మణ్ (1996-2012) 225 ఇన్నింగ్సులలో 8,781 పరుగులు చేసెను, అవుటుకానివి 34. సగటు 46.0. ఇన్నింగ్సులతోనే భాగించినచో అజహరుద్దీన్‌కు 42.3, లక్ష్మణ్‌కు 39.0. వరుసయే తారుమారైనది!

అవుటుకాని ఇన్నింగ్సు నడుమ తెగిన కొలత. దానిని పూర్తికొలతగా ఎంచుట అన్యాయమే. ఆగినచోటినుండి ఆటగాడు మరొక సగటంత చేసెడివాడని వాడుకలోని పద్ధతి ఊహించును. ఇది మితిమీరిన ఊహ కాదు. కుదురుకొన్నవానికంటె క్రొత్తగా దిగినవాడే సులభముగా అవుటగును.