రెండు వేల ఏళ్ల పూమ్సే, పుట్టి అరవై ఏళ్లు కాలేదు

కరాటేలో కొన్నేళ్లు కష్టపడిన పిల్లాడు తైక్వాండో క్లాసులో చేరితే మొదట వినే మాట: "అదంతా మర్చిపో. ఇది రెండు వేల ఏళ్ల కొరియా విద్య, దానికీ దీనికీ సంబంధం లేదు." సిల్లా రాజ్యపు హ్వారాంగ్ యువకులు, గోగుర్యో సమాధుల గోడల మీది బొమ్మలు సాక్ష్యానికి దిగిపోతాయి. పాపం, వాడు నిజంగానే మర్చిపోతాడు. వచ్చిన కదలికలనే కొత్త పేర్లతో, అర్థం తెలియకుండా మళ్లీ బట్టీ పడతాడు. ఫీజు మాత్రం రెండుసార్లు.

కరాటే కటాల్లో (కదలికల వరుసల్లో) మొదట నేర్పే హేయాన్ షోడాన్ వచ్చినవాళ్లు, తైక్వాండో పూమ్సేల్లో (అక్కడి కటాల్లో) మొదటిదైన తేగుక్ ఇల్ జాంగ్‌ను ఒక్కసారి గమనించండి. ఎడమకు తిరిగి కింది బ్లాక్, కుడి కాలు ముందుకేసి పంచ్. వెనక్కి తిరిగి మళ్లీ కింది బ్లాక్, మళ్లీ పంచ్. హేయాన్‌లో ఈ రెండో వైపున పిడికిలితో సుత్తి దెబ్బ ఒకటి అదనం, నిలబడే తీరు ఇంకా లోతు. ఆరంభంలో అంతే తేడా. ఐటీఎఫ్ అనే మరో తైక్వాండో వర్గం వాళ్ల చోన్-జీ మొదలయ్యేదీ ఇలాగే. వాళ్లదే వోన్-హ్యో ఆరంభంలో కనిపించేది రెండో హేయాన్ కటా, హేయాన్ నిడాన్.

ఇందులో రహస్యమేం లేదు. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. చదువులకని జపాన్ వెళ్లిన కుర్రాళ్లు తిరిగొస్తూ కరాటే పట్టుకొచ్చారు. చుంగ్ దో క్వాన్ అనే బడి పెట్టిన లీ వోన్-కుక్, సాంగ్ మూ క్వాన్ అనే బడి పెట్టిన రో బ్యుంగ్-జిక్ ఇద్దరూ షోటోకాన్ కరాటే గురువు ఫునకోషి శిష్యులే. తైక్వాండో పేరును 1955లో ముందుకు తెచ్చిన జనరల్ చోయ్ హాంగ్-హీ నేర్చిందీ షోటోకానే. ఆయన 1965 నాటి ఇంగ్లిష్ పుస్తకంలో తన కొత్త ప్యాటర్న్‌లతో పాటు హేయాన్, బస్సాయ్, టెక్కీ కటాలూ ఉన్నాయి. ఆ హేయాన్‌లు కూడా అనాది నాటివేం కావు. 1900ల తొలి ఏళ్లలో ఒకినావా బడిపిల్లల కోసం కరాటే గురువు ఇటోసు కూర్చినవి. తేగుక్ పూమ్సేలైతే 1970ల మొదట్లో వచ్చాయి.

పరాయి పాలన గాయం మానని దేశానికి జపాన్ పేరు చెప్పుకోవడం మింగుడుపడలేదు, పాత చరిత్రను తెచ్చి అతికించుకుంది. అది అర్థం చేసుకోవచ్చు. మన ఊరి మాస్టారికి ఆ అవసరం ఏమొచ్చిందో మాత్రం తెలియదు.

'సెవెన్త్ సెన్స్' చూసొచ్చి ఇవన్నీ మన బోధిధర్ముడివే అనేవాళ్లకు: సినిమా బాగుంది. 

కాళ్ల విషయంలో మాత్రం కొరియావాళ్ల మాట ఒప్పుకోక తప్పదు. హేయాన్ షోడాన్‌లో ఒక్క కిక్కూ లేదు, ఇల్ జాంగ్‌లో ఉన్నాయి. గిర్రున తిరిగి, గాల్లోకి లేచి తలకు తన్నే ఒలింపిక్ ఆట వాళ్లు పెంచుకున్నదే. 2011లో యునెస్కో గుర్తించిన టెక్క్యోన్ అక్కడ ముందునుంచీ ఉన్న కాళ్ల విద్యే. కాకపోతే పూమ్సేలు దాన్లోంచి రాలేదు.

కాబట్టి కరాటే వచ్చినవాళ్లు ఏదీ మర్చిపోకండి. పంచ్ విసిరేటప్పుడు రెండో చెయ్యి నడుము దగ్గరికి ఎందుకు లాగుతామో మాస్టార్ని అడగండి. "బలం కోసం" అని ఊరుకుంటే కరాటేవాళ్ల బుంకాయ్ (కటా కదలికల అర్థం విడమరిచే) పాఠాలు చూడండి: ఎదుటివాడి మణికట్టు పట్టి లాక్కునే చెయ్యి అది. జోడీని నిలబెట్టి నెమ్మదిగా చేసి చూస్తే తెలుస్తుంది. బెల్టు పరీక్షలో మాత్రం తైక్వాండో కేంద్ర సంస్థ కుక్కివాన్ చెప్పినట్టే నిలబడండి. ఇల్ జాంగ్‌లో హేయాన్ లోతుకు దిగితే మార్కులు పోతాయి.