ఆవు బాగానే ఉంది... మరి అత్తయ్య?

మా మేనత్త వాళ్లు శ్రీకాకుళం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి స్థిరపడ్డారు. (ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. అత్తయ్య నోట మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే.) రెండావులు ఉన్నాయి. కిందటి వానాకాలం ఫోన్ చేస్తే, "చూడావు ఈసుకుపోయిందిరా, ఏడో నెల" అంది.

ఆవు మేత మామూలుగానే తింటోంది. పశువుల డాక్టరు వచ్చి రక్తం తీశాడు. తీస్తూ అడిగింది మాత్రం అత్తయ్య సంగతే: "పాక కడిగేటప్పుడు కాళ్లకేమైనా వేసుకుంటారా అమ్మా?"

ఆయన అనుమానం లెప్టోస్పైరోసిస్. మనం ఎలుక జ్వరం అంటాం గానీ, పాపం ఎలుకనొక్కదాన్నే తిట్టి లాభం లేదు. మెలికలు తిరిగిన ఈ సన్నటి బ్యాక్టీరియా ఆవులు, పందులు, కుక్కల కిడ్నీల్లో కూడా కాపురం పెడుతుంది. పైకి పశువు నిక్షేపంలా ఉంటుంది. మూత్రంతో సూక్ష్మజీవి బయటకొస్తుంది. తడి నేలలో వారాల తరబడి బతుకుతుంది. కాలి మీద చిన్న గాటు దొరికితే చాలు, లోపలికి దూరుతుంది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే దీవుల్లో నేల ఆరేదెప్పుడు?

అండమాన్‌కి ఇది కొత్త కాదు. టేలర్, గోయల్ అనే పరిశోధకులు 1931లోనే దీని మీద నివేదిక రాశారు. తర్వాత అందరూ మర్చిపోయినట్టున్నారు. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వైపు వానల తర్వాత జ్వరం, దగ్గితే రక్తం. జబ్బేమిటో తెలియక 'అండమాన్ హెమరేజిక్ ఫీవర్' అని పేరు పెట్టారు. అది లెప్టోస్పైరోసిసేనని 1990ల్లో గానీ తేలలేదు.

ఆవు రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది లాగ్ ఫైల్ లాంటిది. ఎవరో లోపలికొచ్చారని చెబుతుంది. ఇంకా లోపలే ఉన్నారా అంటే చెప్పదు. అందుకే డాక్టరు కూడా దూడ పోవడానికి ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేదు. పడిపోయిన దూడనీ మాయనీ వట్టి చేతుల్తో ముట్టొద్దు, లోతుగా పాతిపెట్టండి, పాకలో మురుగు నిలవనివ్వకండి, దాణా బస్తాల్ని ఎలుకలకి అందనివ్వకండి అని మాత్రం గట్టిగా చెప్పాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది అత్తయ్యకి వారం రోజులు జ్వరం. పిక్కలు పట్టేసి నడవలేకపోయింది. డెంగ్యూ కాదన్నారు, ఏమిటో చెప్పలేదు. ఇంట్లో ఆవులున్నాయా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఈవిడా చెప్పలేదు. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి మామూలు మందులతో లొంగే జబ్బు. ముదిరితే కిడ్నీలు, ఊపిరితిత్తుల మీదకొస్తుంది.

గమ్‌బూట్లు కొని పంపాను. మొన్న వీడియో కాల్‌లో చూస్తే బూట్లు గుమ్మం పక్కన తళతళలాడుతున్నాయి, ఆవిడ ఉత్త కాళ్లతో పాకలో ఉంది. "లోపల చెమట పట్టేస్తోందిరా" అంది. ఫోన్ పెట్టకుండా, వేసుకునేదాకా కూర్చున్నాను.